నచ్చిన బొమ్మ మళ్లీ రావాలంటే

పైథాన్ ప్రోగ్రామ్‌లో రాండమ్‌తో, అంటే ఏది వస్తుందో ముందు తెలియని అంకెలతో, గీసే బొమ్మల్లో ఒకటి చక్కగా కుదురుతుంది, మళ్లీ రన్ చేస్తే రాదు. అనంతపురం సప్తగిరి సర్కిల్‌ వైపు ప్రింటుకు ఇద్దామంటే చేతిలో మిగిలేది స్క్రీన్‌షాటే, పెద్దది చేస్తే మసక.

ఇంపోర్ట్ లైన్ల కిందే రాండమ్.సీడ్(4127), అంటే random.seed(4127), అని ఏదో ఒక నంబరు పెట్టండి. ఈ నంబరే సీడ్, అదే ఇస్తే రాండమ్ అంకెలు మళ్లీ అదే వరుసలో వస్తాయి. ఆ నంబరునే ఫైల్ పేరులో చేర్చి సేవ్ చేయండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు. ప్రతి రన్‌కీ నంబరు మార్చుకుంటూ పోవచ్చు. నచ్చినదాన్ని అదే సీడ్‌తో పెద్ద సైజులో మళ్లీ గీయించుకోండి. ఏ4కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెళ్లు. కొలతలన్నీ, గీతల మందంతో సహా, వెడల్పులో ఇన్నో వంతు అని రాసుకుంటేనే ఇది కుదురుతుంది. నంపై (NumPy, లెక్కల లైబ్రరీ) రాండమ్ కూడా వాడుతుంటే దానికి సీడ్ విడిగా ఇవ్వాలి.

కోడ్ మధ్యలో ఒక్క రాండమ్ పిలుపు కొత్తగా చేర్చినా అక్కడి నుంచి బొమ్మ మారిపోతుంది, సీడ్ అదే ఉన్నా సరే.