విదేశాల్లో నిధులతో గ్లోబల్ హెల్త్ ఫీల్డ్ ప్లేస్‌మెంట్: హైదరాబాద్ నుంచి ఎలా సంపాదించాలి?

ఏటా దసరా సెలవులు అయిపోగానే ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) పిల్లలు నా గదికి వచ్చి, విదేశాల్లో కొన్ని వారాలు ఊళ్లలో ఆరోగ్య పని చేసే ఫీల్డ్ ప్లేస్‌మెంట్ గురించి అడిగేది ఒకటే. "మేడమ్, ఫండింగ్ ఎక్కడ దొరుకుతుంది?" అలా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది తర్వాతి వేసవిలో కూడా హైదరాబాద్‌లోనే ఉంటారు. తెలివి లేక కాదు, మార్కులు లేక కాదు. స్కాలర్‌షిప్పుల జాబితాలు వెతకడంలో నాలుగు నెలలు పోతాయి. తీరా అప్లికేషన్ తెరిస్తే "మీరు ఎవరి దగ్గర, ఏ పని చేయబోతున్నారు?" అన్న గడి ఖాళీగా కనిపిస్తుంది. ఆ గడి నింపడానికి అప్పుడు టైమ్ ఉండదు.

అందుకే నా పద్ధతి తిరగేసి ఉంటుంది. ముందు హోస్ట్, అంటే మిమ్మల్ని తీసుకునే ఫీల్డ్ సంస్థ. ఆ తర్వాతే డబ్బు. నేను ఒకప్పుడు బంగ్లాదేశ్‌లో, తర్వాత ఉగాండాలో ఇలా పనిచేసి వచ్చాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి మేడ్చల్ వైపు ఊళ్లకు విదేశీ విద్యార్థులను తీసుకెళ్లి, వాళ్ల ప్లేస్‌మెంట్ చూసుకున్నాను. రెండు వైపులా నిలబడ్డాక తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చేతిలో ఉండాల్సినవి

పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు ఉండాలి. రెండు పేజీలు దాటని సీవీ కావాలి. మీ పని దగ్గరి నుంచి చూసిన ఒక గైడ్ రాసిన ఉత్తరం కావాలి. పేరు మోసిన డైరెక్టర్ రాసిన పొడిపొడి ఉత్తరం కన్నా అది వంద రెట్లు నయం. కోబో లేదా ఓడీకే లాంటి మొబైల్ సర్వే టూల్‌లో ఫారం తయారు చేయడం, ఆర్ లేదా స్టాటా లాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో డేటా శుభ్రం చేయడం వచ్చి ఉండాలి.

ఇంకొకటి. ఇక్కడ బస్తీ దవాఖానలోనో, పీహెచ్‌సీలోనో కనీసం ఒక నెల పనిచేయనివాళ్లకు నేను సిఫారసు ఉత్తరం రాయను. ఇక్కడి ఏఎన్‌ఎం రిజిస్టర్ చదవడం రానివాళ్లు ఇంకో దేశం రిజిస్టర్ ఏం చదువుతారు?

బయలుదేరే తేదీకి తొమ్మిది నెలల ముందు పని మొదలుపెట్టాలి. ప్లేస్‌మెంట్ పది వారాలకు తగ్గకూడదు. ఆరు వారాలంటే దారులు, మనుషులు అలవాటయ్యేసరికి తిరుగు టికెట్ రోజు వచ్చేస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి?

ఒక సమస్య, ఒక చోటు ఎంచుకోండి. "మాతాశిశు ఆరోగ్యం, ఆఫ్రికా" అన్నది ఎంపిక కిందకి రాదు. "ఐదేళ్లలోపు పిల్లల్లో విరేచనాలు, మత్లబ్" అన్నది ఎంపిక.

మత్లబ్ పేరు ఊరికే చెప్పలేదు. బంగ్లాదేశ్‌లో విరేచనాల జబ్బుల మీద పరిశోధన చేసే ఐసీడీడీఆర్,బీ సంస్థ అక్కడ 1966 నుంచి ఊరూరా జననాలు, మరణాలు, వలసలు నమోదు చేస్తోంది. మనం పిల్లలకు కలిపి తాగించే ఓఆర్‌ఎస్ కలరా రోగుల మీద పనిచేస్తుందని 1968లో చూపించిన ప్రయోగం ఢాకాలో, ఆ సంస్థకు ముందు రూపమైన కలరా ప్రయోగశాలలో జరిగింది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఓఆర్‌ఎస్ కలిపి వేలమందికి తాగించారు. జబ్బు ఎక్కడ ఉందో అక్కడే పని నడిచింది. మన సికింద్రాబాద్‌లోనూ అంతే. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది ఇక్కడే, జ్వరాలు ఉన్నచోటే.

మొదటిసారి వెళ్లేవాళ్లు జెనీవాలోని డబ్ల్యూహెచ్‌ఓ ఆఫీసు కలలు పక్కన పెట్టి బంగ్లాదేశ్, నేపాల్, తూర్పు ఆఫ్రికా చూడాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. నేపాల్‌కు మనకు వీసా కూడా అక్కర్లేదు.

వానలు చూసుకోండి. తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానలు మార్చి నుంచి మే వరకు పడతాయి. మన వేసవి సెలవులకు సరిపోతుందని ఏప్రిల్‌లో వెళితే మట్టి రోడ్ల మీద బండి కదలదు, సగం ఇళ్లకు చేరలేరు.

డబ్బు ఏయే దారుల్లో వస్తుంది?

అమెరికా, బ్రిటన్ యూనివర్సిటీల్లో ఇప్పటికే పీజీ చదువుతున్న మన పిల్లలు ముందుగా తమ స్కూల్‌లోని గ్లోబల్ హెల్త్ ఆఫీసు తలుపు తట్టాలి. వేసవి ఫీల్డ్ గ్రాంట్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి, పోటీ కూడా ఆ స్కూల్ లోపలే.

ఇక్కడ చదివేవాళ్లకు దారులు తక్కువ, కానీ ఉన్నాయి. నా విద్యార్థుల్లో ఎక్కువమంది వెళ్లింది హోస్ట్ సంస్థ ప్రాజెక్టు డబ్బుతోనే. ఇది ఏ జాబితాలోనూ కనిపించదు, హోస్ట్‌తో మాట్లాడినవాళ్లకే తెలుస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ 2020 నుంచి ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తోంది. అయితే అక్కడ ఆఫీసు పనే ఎక్కువ, అప్లై చేయడానికి రుసుము ఏమీ ఉండదు. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. దాని మీద అమెరికా యూనివర్సిటీలో ఆరు నుంచి తొమ్మిది నెలలు పరిశోధన చేయొచ్చు.

తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటివి విదేశాల్లో పూర్తి డిగ్రీ చదివేవాళ్ల కోసం. వాటికి ప్లేస్‌మెంట్ కాగితాలు పట్టుకుని తిరిగి కాళ్లు అరగదీసుకోవద్దు. ఎవరైనా మీ దగ్గరే డబ్బు తీసుకుని "గ్లోబల్ హెల్త్ ఎక్స్‌పీరియన్స్" ఇస్తామంటే అది నిధులతో వచ్చే ప్లేస్‌మెంట్ కాదు, టూరు. అక్కడితో మాటలు ఆపేయండి.

హోస్ట్‌తో ఒప్పందం: అందరూ బోల్తా పడేది ఇక్కడే

ఈ భాగం నిదానంగా చదవండి. మిగతావన్నీ అటూ ఇటూ అయినా సరిదిద్దుకోవచ్చు, ఇది చెడితే ప్లేస్‌మెంట్ మొత్తం చెడుతుంది.

ముందు ఎవరికి రాయాలి? సంస్థ అధిపతికి రాయకండి. మీరు ఎంచుకున్న సమస్య మీద ఆ ఫీల్డ్ సైట్ నుంచి ఈ మధ్య వచ్చిన పేపర్లు మూడు చదవండి. అక్కడే ఉండి పనిచేసే రచయిత ఎవరో చూడండి. ఆ మనిషికి రాయండి. మెయిల్ ఎనిమిది వాక్యాలు దాటకూడదు. "నాకు ప్రజారోగ్యం అంటే చిన్నప్పటి నుంచి ఇష్టం" అని మొదలయ్యే మెయిల్ ఎవరూ రెండో వాక్యం దాకా చదవరు. మీరు వాళ్ల పేపర్లో చూసిందేమిటి, మీకు చేతనైన పని ఏమిటి, ఏ నెలల్లో రాగలరు, గ్రాంట్ గడువు ఎప్పుడు, ఇవి చెప్పండి. చివర్లో ఒకే ప్రశ్న అడగండి: "వచ్చే ఏడాది మీ పనిలో మనిషి తక్కువైన చోటు ఏది?" పది రోజులు ఆగండి, ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ జవాబు రాకపోతే ఇంకో సైట్‌కు వెళ్లండి. ఒకేసారి ఇరవైమందికి ఒకే మెయిల్ పంపకండి. ఆ రంగంలో వాళ్లంతా ఒకరికొకరు తెలుసు.

ఆ ప్రశ్నే ఎందుకు అడగమంటున్నానో చెప్పాలి. మేడ్చల్ వైపు ఒక ఊరికి విదేశీ విద్యార్థి ఒకతను సొంత సర్వే తయారు చేసుకుని వచ్చాడు. మంచి పిల్లవాడే. కానీ అతను వచ్చింది బుధవారం, టీకాల రోజు. మా ఆశా కార్యకర్త పిల్లల తల్లులను పిలవడం మానేసి అతనితో ఇల్లిల్లూ తిరిగింది. "మనసులో దిగులుగా ఉందా?" అన్న ప్రశ్నను తెలుగులోకి మార్చిన తీరు ఎంత ఘోరంగా ఉందంటే, ఒక ముసలామె తనకు పిచ్చి అంటున్నారనుకుని ఏడ్చేసింది. ఆ సర్వే ఆ ఊరికి అవసరం లేదు, ఎవరూ అడగలేదు. ఆ రిపోర్టు మాకు తిరిగి రానూ లేదు. మనం ఇంకో దేశం వెళ్లినప్పుడు ఆ పిల్లవాడి స్థానంలో ఉండేది మనమే. అక్కడా ఒక ఆశా కార్యకర్త లాంటి మనిషి తన పని మానుకుని మన వెంట నడుస్తుంది. ఆమె గంటల విలువ లెక్కలోకి తీసుకోని ప్లాన్‌ను నేను సంతకం పెట్టకుండా వెనక్కి పంపుతాను.

హోస్ట్ సరే అన్నాక ఊరికే ఆహ్వాన లేఖ తెచ్చుకుంటే చాలదు. "ఫలానా విద్యార్థికి స్వాగతం" అన్న రెండు లైన్ల లేఖతో గ్రాంట్ రావచ్చేమో, పని మాత్రం నడవదు. ఒక పేజీ ఒప్పందం రాసుకోండి, ఇద్దరూ సంతకం చేయండి. అందులో మీ రోజువారీ పని ఏమిటో ఉండాలి. ఫీల్డ్‌లో మిమ్మల్ని చూసే మనిషి పేరు, వారంలో ఏ రోజు కూర్చుని మాట్లాడతారో ఉండాలి. డేటా ఎవరిది, పేపర్ రాస్తే ఎవరి పేర్లు వస్తాయి, దుబాసీకి, బైక్ ప్రయాణాలకు ఎవరు డబ్బిస్తారు, వెళ్లేలోపు మీరు వాళ్ల చేతికి ఏమి ఇచ్చి వెళతారు, ఏ వీసా మీద రావాలి, అన్నీ రాయాలి. టూరిస్టు వీసా మీద వచ్చేయమని నోటి మాటగా చెబితే ఒప్పుకోకండి.

ఇక ఎథిక్స్ అనుమతి. ఎక్కువమంది మునిగిపోయేది ఇందులోనే. మన కాలేజీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది కాబట్టి సరిపోతుందని అనుకుంటారు. సరిపోదు. మనుషుల మీద పరిశోధన ఏ దేశంలో జరుగుతుందో ఆ దేశం అనుమతి కావాలి. నేపాల్‌లో నేపాల్ హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్, టాంజానియాలో అక్కడి జాతీయ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐఎంఆర్, కెన్యాలో ఎథిక్స్ కమిటీతో పాటు అక్కడి సైన్స్ కమిషన్ నకోస్టి లైసెన్సు, ఉగాండాలో స్థానిక కమిటీ ఒప్పుకున్నాక అక్కడి సైన్స్ కౌన్సిల్ యూఎన్‌సీఎస్‌టీ అనుమతి. దీనికి నెలలు పడుతుంది, మధ్యలో ప్రశ్నలు వస్తాయి, ఫీజులు ఉంటాయి. పది వారాల ప్లేస్‌మెంట్‌కు కొత్త ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) పెట్టడం అసాధ్యమనే అనుకోండి. నడుస్తున్న స్టడీలో చేరి, మీ పేరు, మీ భాగం సవరణగా చేర్పించుకోవడం ఒక్కటే దారి. ఆ సవరణ ఆమోదించిన లేఖ మీ చేతికి వచ్చేదాకా టికెట్ కొనకండి.

ఎందుకింత పట్టుదల అంటే, ఒకమ్మాయి "వెళ్లాక వస్తుందిలే" అన్న హామీ నమ్మి విమానం ఎక్కింది. ఏడు వారాలు అనుమతి రాలేదు. హోస్ట్ దగ్గర ఒకాయన "మొదలుపెట్టండి, చూసుకుందాం" అన్నారు. ఆమె తొంభై ఇంటర్వ్యూలు చేసింది. తిరిగొచ్చాక ఒక్కటి కూడా వాడుకోలేకపోయింది, వాడకూడదు కూడా. తొంభైమంది తల్లులు తమ బిడ్డ ఎలా పోయిందో చెప్పుకున్న మాటలు అవి. ఆ మాటలు వృథా పోవడం నాకు ఈ రోజుకీ బాధే.

డాక్టర్లుగా ఉండి ఎంపీహెచ్ చేస్తున్నవాళ్లకు ఇంకో మాట. అక్కడ డాక్టర్లు తక్కువ ఉంటారు, రోగులు మీ చేయి పట్టుకుంటారు. ఆ దేశం రిజిస్ట్రేషన్ లేకుండా ఇంజెక్షన్ సూది కూడా ముట్టుకోవద్దు. "వైద్యం చేయను" అని ఒప్పందంలో రాయించుకోండి. అడిగినవాళ్లకు ఆ కాగితం చూపించొచ్చు. ఇలాంటి విషయాలన్నిటి మీద 2010లో వచ్చిన వెయిట్ (WEIGHT) అనే గ్లోబల్ హెల్త్ శిక్షణ నైతిక మార్గదర్శకాలు ఉన్నాయి. పంపే సంస్థ, తీసుకునే సంస్థ, విద్యార్థి, డబ్బిచ్చేవాళ్లు, ఒక్కొక్కరి బాధ్యత ఏమిటో విడివిడిగా చెబుతాయి. అవి మీరు చదవండి, మీ గైడ్‌తోనూ చదివించండి.

అప్లికేషన్, బడ్జెట్

ఒప్పందం చేతిలో ఉంటే అప్లికేషన్ రెండు రోజుల పని. ఆ ఒక్క పేజీనే సాగదీసి రాస్తే చాలు. బడ్జెట్‌లో దుబాసీ, ఎథిక్స్ ఫీజు, వీసా, టీకాలు, అత్యవసరంగా వెనక్కి తీసుకొచ్చే ఖర్చు భరించే ఇన్సూరెన్స్ వేరువేరుగా చూపించండి. చాలా గ్రాంట్లలో ముందు మీరు ఖర్చు పెట్టి బిల్లులు చూపిస్తేనే డబ్బు వస్తుంది, చివరి విడత రిపోర్టు ఇచ్చాకే వస్తుంది. ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పండి. నాన్నగారు అప్పటికప్పుడు అప్పు చేసే పరిస్థితి రాకూడదు.

బయలుదేరే ముందు

ఆఫ్రికా దేశాలు చాలావాటికి యెల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని పాస్‌పోర్టు తీసుకుని వెళ్లండి. వేసుకున్న పది రోజుల తర్వాతే పసుపు కార్డు (టీకా సర్టిఫికెట్) చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. ఆ కార్డు పాస్‌పోర్టుకే పిన్ చేసి పెట్టుకోండి. అది లేకుండా ఆ దేశాల నుంచి శంషాబాద్‌లో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు.

మలేరియా మాత్రలు డాక్టర్‌ను అడిగి తీసుకోండి. డాక్సీసైక్లిన్ అయితే ఆ ప్రాంతం వదిలాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఇల్లు చేరగానే మానేసి జ్వరంతో పడిపోయినవాళ్లను చూశాను. మన దగ్గర కూడా మలేరియా ఉందిగా, మనకేం కాదులే అనుకోవద్దు. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు అక్కడి మలేరియాను తట్టుకునే శక్తి ఉండదు.

అక్కడికి వెళ్లాక, వచ్చేటప్పుడు

మొదటి వారం ఒక్క ఫారం కూడా నింపకండి. హెల్త్ వర్కర్ వెంట నడవండి, పలకరింపులు నేర్చుకోండి. రోజూ రాత్రి అర గంట నోట్సు రాయండి. చేత్తోనే రాయండి, ల్యాప్‌టాప్ చార్జింగ్ మీద ఆధారపడకూడదు.

చివరి వారం మీరు చూసింది ఆ ఊరివాళ్ల ముందు, వాళ్ల భాషలో, దుబాసీ సాయంతో చెప్పండి. రెండు పేజీల రిపోర్టు అక్కడి సూపర్‌వైజర్‌కు, మీతో నడిచిన హెల్త్ వర్కర్‌కు ఇవ్వండి. అది వాళ్ల చేతికి అందాకే గ్రాంట్ ఆఫీసుకు మీ రిపోర్టు పంపండి.