ప్రసవ తేదీని ఎంతవరకు నమ్మాలి?

గర్భం నమోదు చేసేటప్పుడు ఆశా కార్యకర్త ముందుగా అడిగేది ఆఖరి నెలసరి మొదలైన రోజు. హనుమకొండలో ఉండే మా చెల్లెలు తేదీ చెప్పలేక ‘సద్దుల బతుకమ్మ నాడు’ అన్నది. అది చాలు, క్యాలెండర్‌లో చూస్తే 2024 అక్టోబర్ 10. దానికి 280 రోజులు, అంటే తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే 2025 జూలై 17 వస్తుంది.

అయితే ఈ లెక్క 28 రోజులకొకసారి నెలసరి వచ్చేవారికి సరిపోతుంది. 35 రోజులకు వచ్చేవారికి అండం విడుదల కావడమే దాదాపు వారం ఆలస్యమవుతుంది కాబట్టి ప్రసవ తేదీని కూడా వారం వెనక్కి, అంటే వారం తర్వాతి రోజుకు జరపాలి. నెలసరి క్రమం తప్పినవారు, పాలిచ్చే రోజుల్లోనే మళ్లీ గర్భం దాల్చినవారు ఈ లెక్కను నమ్ముకోకుండా మూడో నెల దాటకముందే స్కానింగ్ చేయించుకోవడం మంచిది. ఆ దశలో పిండాలన్నీ ఇంచుమించు ఒకే తీరున పెరుగుతాయి కనుక, తల నుంచి పిరుదుల దాకా పొడవు కొలిచి చెప్పే తేదీలో తేడా సాధారణంగా వారానికి మించదు. ఎనిమిదో నెల వచ్చేసరికి ఒక్కో బిడ్డ ఎదుగుదల ఒక్కో తీరుగా ఉంటుంది, అప్పటి స్కానింగ్ తేదీ మూడు వారాల వరకు అటూఇటూ కావచ్చు.

మా చెల్లెలి ఫైలులో మొదటి స్కానింగ్ జూలై 19 అంటే, ఎనిమిదో నెలది జూలై 5 అన్నది. బిడ్డ కాస్త బొద్దుగా ఉన్నందుకే ఆ తేడా వచ్చినా, ఇంట్లో మాత్రం జూన్‌లోనే సంచి సర్దారు. మొదటి స్కానింగ్‌తో సరిచూసి డాక్టర్ ఖాయం చేసిన తేదీనే కార్డు మీద పెద్దగా రాయించుకోవాలి. తర్వాతి కాగితాలు ఎదుగుదల చూసుకోవడానికే.

ఖాయమైన ఆ రోజునే ప్రసవించేవారు నూటికి నలుగురైదుగురే. ముహూర్తం చూసి ఆపరేషన్ కోరేవారు ఇది గుర్తుంచుకోవాలి: వైద్యపరమైన కారణం లేకుండా 39 వారాలు నిండకముందే బిడ్డను తీస్తే ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది రావచ్చు. తేదీ దాటినవారు కూడా ఇంట్లో ఊరికే ఎదురుచూడకుండా, 41 వారాలు నిండేసరికి ఆసుపత్రిలో బిడ్డ గుండె చప్పుడు, ఉమ్మనీరు పరీక్ష చేయించుకొని, నొప్పులు రప్పించే విషయం డాక్టర్‌తో మాట్లాడాలి. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలికలు తగ్గినా, తేదీకి ఇంకా పది రోజులున్నాయని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బండి దొరకకపోతే 108కు ఫోన్ చేయాలి.