ఎండలో లాంగ్ రన్ చెడిపోతే: వాచీలో, తూకంలో, బనియన్ మీద ఏం చూడాలి?

మే నెలలో 24 కిలోమీటర్లు అనుకుని బయల్దేరి, 17 దగ్గరే కాళ్లు మొరాయించి, మిగతా దూరం ఆటోలో ఇంటికి చేరడం ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి తయారయ్యేవాళ్లకు కొత్త కాదు. అడిగితే అందరూ చెప్పేది ఒకటే, "ఎండ దెబ్బకొట్టింది" అని. కొంత నిజమే. కానీ అదే ఎండలో ఒకరు పేస్ (పరుగు వేగం) ఎక్కువై ఆగుతారు, ఒకరు నీళ్లు చాలక, ఇంకొకరు తిండి చాలక. ముగ్గురూ వచ్చే వారం చేయాల్సిన పని వేరు. ఏది కారణమో తేల్చే ఆధారాలు ఆ పూటే దొరుకుతాయి. మధ్యాహ్నం పడుకుని లేచేసరికి సగం చెరిగిపోతాయి.

1. లెక్కల కంటే ముందు మనిషిని చూసుకోండి

కళ్లు తిరగడం, వికారం, తలనొప్పి ఉంటే నీడలో పడుకుని కాళ్లు ఎత్తుగా పెట్టుకోండి. తల మీద, మెడ మీద నీళ్లు పోసుకుని కొద్దికొద్దిగా తాగండి. చాలావరకు అరగంటలో తేరుకుంటారు. మాట తడబడుతున్నా, ఎక్కడున్నారో తెలియకపోయినా, తూలుతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, పరుగెత్తేవాళ్లకు ఒళ్లంతా చెమటతో ఉండగానే వడదెబ్బ తగులుతుంది. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఐసు నీళ్లో, పైపు నీళ్లో ఒళ్లంతా ఆపకుండా పోయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

నొప్పులని పెయిన్ కిల్లర్ వేసుకోవద్దు. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీల మీద భారం పెంచుతాయి. మూత్రం కోలా రంగులో వస్తే ఆ రోజే డాక్టర్‌ని కలవాలి.

2. తడి బట్టలు విప్పి తూకం చూడండి

పరుగుకి ముందు మూత్రానికి వెళ్లొచ్చి, వీలైనంత తక్కువ బట్టలతో తూగాలి. వచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ అలాగే. ఒక కిలో తగ్గితే దాదాపు ఒక లీటరు పోయినట్టు లెక్క.

ఉదాహరణకు ముందు 68.4 కిలోలు, తర్వాత 66.3. దారిలో తాగింది 700 మి.లీ. పోయిన చెమట 2.1 + 0.7, అంటే 2.8 లీటర్లు. పరుగు 2 గంటల 20 నిమిషాలు. గంటకు 1.2 లీటర్లు. తగ్గిన బరువు 3 శాతం. 2 శాతం దాటితే చాలామందికి పేస్ పడిపోవడం మొదలవుతుంది కాబట్టి ఇక్కడ నీళ్ల పాత్ర ఉందని తేలింది. తర్వాతి పరుగులో గంటకు 600 నుంచి 750 మి.లీ. పెట్టుకోవచ్చు. పోయిన 1.2 లీటర్లూ పరుగులోనే నింపాలని చూస్తే కడుపు ఒప్పుకోదు, వాంతులవుతాయి.

బరువు పెరిగి ఉంటే అది ఇంకా పెద్ద తప్పు. ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికొస్తుంది.

బనియన్ ఆరాక దాని మీద తెల్లటి చారలు చూడండి. ఎక్కువగా ఉంటే మీ చెమటలో ఉప్పు ఎక్కువ. విశాఖ బీచ్ రోడ్డులో బూట్లలోకి కారిన చెమట కనిపిస్తుంది. హైదరాబాద్ పొడి ఎండలో చెమట పట్టగానే ఆరిపోతుంది కాబట్టి ఎంత పోయిందో తూగితే తప్ప తెలియదు.

3. వాచీని నిదానంగా చదవండి

మొదటి కిలోమీటరు నుంచే హార్ట్ రేట్ 170-175 దగ్గర కదలకుండా కూర్చుంటే నమ్మొద్దు. మణికట్టు సెన్సర్ గుండెను వదిలేసి మీ అడుగుల్ని లెక్కపెడుతూ ఉండొచ్చు.

అంకెలు సరైనవే అనుకుంటే, పేస్‌నీ హార్ట్ రేట్‌నీ పక్కపక్కన పెట్టండి. కిలోమీటరుకి 6:30 నిమిషాల పేస్‌లో 5వ కిలోమీటరు దగ్గర 148, అదే పేస్‌లో 14వ దగ్గర 166 ఉంటే అది వేడి చేసిన పని. ఒళ్లు చల్లబడాలని రక్తం చర్మం వైపు మళ్లుతుంది. చెమటతో రక్తంలో నీరూ తగ్గుతుంది. ఒక్కో కొట్టుకి గుండె తోసే రక్తం తగ్గి, ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. నడక మొదలుపెట్టి మూడు నిమిషాలైనా అంకె దిగకపోతే వేడి లోపలే ఉండిపోయింది. ఆ రోజుకి అక్కడితో ఆపేయాల్సింది.

దీనికి తిరగబడ్డ బొమ్మ కూడా ఉంటుంది. పేస్‌తో పాటు హార్ట్ రేట్ కూడా పడిపోయింది, కాళ్లు కదలవు, చిరాకు, ఆకలి. ఇది తిండి లోపం. రెండు గంటలు దాటే పరుగుకి గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. ఎండలో కడుపుకి రక్తం తక్కువ అందుతుంది కాబట్టి అలసట వచ్చాక తింటే అరగదు. 40వ నిమిషం నుంచే కొంచెం కొంచెం తినాలి.

పిక్కలు పట్టేస్తే అందరూ ఉప్పునే అంటారు. అలవాటు లేని పేస్‌తో కండరం అలిసిపోయినా పట్టేస్తుంది. వాచీలో స్ప్లిట్స్ (ఒక్కో కిలోమీటరుకి పట్టిన సమయం) తీసి, మొదటి 5 కిలోమీటర్లు ప్లాన్ కంటే వేగంగా ఉన్నాయేమో ముందు అది చూడండి.

4. ఆ రోజు, ఆ వారం

తగ్గిన ప్రతి కిలోకీ లీటరుంబావు నుంచి లీటరున్నర, మూడు నాలుగు గంటల్లో మెల్లగా తాగండి. ఉప్పు మజ్జిగ, ఓఆర్ఎస్ మంచివి. ఇంట్లో అయితే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి. బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే. కొబ్బరి నీళ్లు రుచికి సరే, వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. ప్యాకెట్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని చూసుకోండి, తీపి పానీయం దాని పని చేయదు.

మిగిలిన 7 కిలోమీటర్లు సాయంత్రం పూర్తిచేద్దామనుకోవద్దు. రెండు మూడు రోజులు తేలిక. తర్వాత పది నుంచి పద్నాలుగు రోజులు, ఉదయం ఆరున్నర ఎండలో 45 నిమిషాల చొప్పున, మాట్లాడగలిగే పేస్‌లో పరుగెత్తితే ఒళ్లు ఎండకి అలవాటుపడుతుంది. చెమట త్వరగా పట్టడం, దానిలో ఉప్పు తగ్గడం, రక్తంలో నీరు పెరగడం అప్పుడు జరుగుతాయి. పగలంతా ఏసీలో ఉండి ఏసీ జిమ్‌లోనే పరుగెత్తితే ఈ అలవాటు మూడు నాలుగు వారాల్లో పోతుంది.

5. మళ్లీ అదే పరుగు

నాలుగున్నరకే మొదలుపెట్టండి. నెక్లెస్ రోడ్డు లాంటి చోట 3-4 కిలోమీటర్ల రౌండ్లు పెట్టుకుంటే బండి దగ్గర సీసాలు ఉంచుకోవచ్చు. ఒక ప్లాస్టిక్ సీసా ముప్పావు వంతు నింపి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. నిండా నింపితే పగులుతుంది. చేతిలో పట్టుకుంటే అరచేయి చల్లబడుతుంది, కరిగేకొద్దీ తాగొచ్చు.

పాత పేస్ అందుకోవాలని చూడొద్దు, మొత్తం దూరంలో మొదటి మూడోవంతు, ఒక్కో కిలోమీటరుకి 30-45 సెకన్లు నెమ్మదిగా వెళ్లండి. మిగతా మార్పుల్లో ఒక్కటే చేయండి, నీళ్లో తిండో. రెండూ కలిపి మారిస్తే, ఈసారి 24 పూర్తయినా ఏది పనిచేసిందో తెలియదు.