తిరుపతిలో యూదుల పాట, ఆట సాయంత్రం ఆరుబయట ఫ్రీగా పెట్టాలంటే ఎట్లా

టొరంటోలో మా అక్క వాళ్లింటికి పోయినప్పుడు అక్కడ సరస్సు గట్టున అష్కెనాజ్ అని యూదుల సంగీతం, ఆటల ఫెస్టివల్ ఒకటి చూశాను. 1995లో మొదలైందంట, రెండేళ్లకోసారి జరుగుతుంది, ప్రోగ్రాములు చాలావరకు ఫ్రీ. టికెట్ లేదు గేటు లేదు, దారిన పోయేవాళ్లు ఆగి చూస్తా చూస్తా అట్లే ఆడేవాళ్ల వలయంలో కలిసిపోతారు, నేనూ కలిసిపోయాను, నా చేతులు పట్టుకున్న ఇద్దరు ఎవరో ఇప్పటికీ తెలీదు. ఊరికి వచ్చినాక మా కోలాటం బృందంలో అత్తలకి ఫోన్‌లో వీడియో చూపిస్తే "ఇది మన ఆటే గదమ్మా, కర్రలు లేవు అంతే" అన్నారు. అంతటితో నాకు ధైర్యం వచ్చింది. రెండు జనవరిలు ఒక స్కూల్ గ్రౌండ్‌లో చేశాం, మొదటిసారి తప్పులు జాస్తి, రెండోసారి బాగా కుదిరింది. మీ ఊర్లో కూడా ఎవరైనా చేయాలనుకుంటే పనికొస్తుందని ఇదంతా రాస్తా ఉన్నాను.

ముందు రోజు ఖాయం చేసుకోవాలి, అన్నింటికన్నా ఇదే ముఖ్యం. శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా యూదులకి శబ్బాత్, అంటే వారానికోసారి వచ్చే విశ్రాంతి రోజు, ఆచారం పాటించేవాళ్లు వాద్యాలు ముట్టుకోరు. మనకేమో శనివారం స్వామి వారం, ఊర్లో అడుగు పెట్టే సందు ఉండదు. కాబట్టి ఆదివారం సాయంత్రం పెట్టుకోండి. నెల సంగతికొస్తే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి వానలు, తుపానులు, పైగా సెప్టెంబర్ అక్టోబర్‌లలో బ్రహ్మోత్సవాలు, పోలీసోళ్లకి మన ప్రోగ్రాం వైపు చూసే తీరిక ఉండదు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక వాయించేవాళ్లు ఖాళీగా ఉంటారు నిజమే, కానీ ఆ రోజుల్లోనే యూదులకి మూడు వారాల సంతాపం వస్తుంది, జెరూసలేం గుడి కూలిన దుఃఖంలో పాటలు, పెళ్లిళ్లు మానేస్తారు. అందుకే నేను చెప్పేది పుష్య మాసం, సంక్రాంతి అయిపోయినాక. వానలు ఉండవు, చలి కూడా మరీ ఎక్కువ కాదు, ముహూర్తాలు లేవు కాబట్టి బ్యాండు మేళం వాళ్లు దొరుకుతారు. పైగా వాళ్ల చెట్ల పండుగ, తూ బిష్వాత్, షెవాత్ నెల పదిహేనో రోజు అంటే పౌర్ణమి, మనకి పుష్య పౌర్ణమికో మాఘ పౌర్ణమికో దగ్గర్లో పడుతుంది. వాళ్ల క్యాలెండర్ కూడా చాంద్రమానమే, మన అధిక మాసం లాగా 19 ఏళ్లలో ఏడు సార్లు ఒక నెల ఎక్కువ కలుపుతారు, అందుకే పండుగలు మన తిథుల పక్కపక్కనే నడుస్తా ఉంటాయి.

బ్యాండు మేళం అన్నాను గదా, అది ఊరికే అనలేదు. మొదటిసారి మేము సంగీతం కోర్సు చేసిన పిల్లల కోసం తిరిగి తిరిగి అలిసిపోయాం, వాళ్లు స్వరం చూసుకుని బాగా వాయిస్తారు కానీ ఆడేవాళ్ల కాళ్లు చూసి వేగం మార్చేది వాళ్లకి అలవాటు లేదు. మనం వాయించబోయేది క్లెజ్మర్, అంటే తూర్పు యూరప్ యూదుల పెళ్లి వాద్యం. ఆ మాటే హీబ్రూలో 'క్లే', 'జెమర్' అనే రెండు మాటల నుంచి వచ్చింది, పాటకి పనిముట్టు అని అర్థం. మొదట్లో ఫిడేలు, మన సంతూర్ లాంటి త్సింబల్, పెద్ద డోలు ఉండేవి, తర్వాత తర్వాత క్లారినెట్ పైకొచ్చింది. పెళ్లి ఊరేగింపులో క్లారినెట్, పెద్ద డ్రమ్ము, తాళం... మన బ్యాండు మేళంలో ఇవన్నీ ఉన్నాయి! పెళ్లిలో ఎవరు ఎప్పుడు ఊగుతారో, ఎవరు అలిసిపోయారో చూసి వాయించే విద్య ఆ అన్నలకి పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. కాబట్టి ఒక క్లారినెట్ అన్న, ఒక డ్రమ్ము అన్న, ఫిడేలు వాయించే ఒక కర్ణాటక సంగీతం మనిషి, ముగ్గురు చాలు. ఫ్రీ అంటే జనానికి ఫ్రీ, వాయించేవాళ్లకి కాదు, డబ్బులు ముందే మాట్లాడుకుని ఆ రాత్రే చేతిలో పెట్టండి.

రాగం ఎట్లా చెప్పాలి అంటే నోట్స్ ప్రింట్ తీసి ఇవ్వొద్దు. ఈ సంగీతంలో బాగా వినిపించే ఒక స్కేల్‌ని ఫ్రైగిష్ అంటారు, అహవా రబ్బా అని కూడా అంటారు, దాని స్వరాలు సరిగ్గా మన 14వ మేళకర్త వకుళాభరణం స్వరాలే. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. ఈ మాట చెప్పంగానే మా ఫిడేలు అన్న ముఖం వెలిగిపోయింది, పేరూరు కొండ మీద వకుళమాత గుడి ఉన్న ఊరికి వకుళాభరణమే వచ్చిందా అని నవ్వాడు. ఇంకో స్కేల్ ఉంది, అది 58వ మేళకర్త హేమవతికి సరిపోతుంది. స్వరాలు ఒకటే గానీ గమకం వేరే, వాళ్లది ఏడుపు లోపలికి మింగినట్టు సన్నగా తెగుతుంది, దాన్ని క్రెఖ్ట్స్ అంటారు. పాత రికార్డింగులు వినిపించండి, 1920ల్లో అమెరికాలో రికార్డులిచ్చిన నఫ్తులే బ్రాండ్‌వైన్, డేవ్ తర్రాస్ అనే ఇద్దరు క్లారినెట్ వాళ్లవి ఒక వారం చెవిలో పడితే చాలు, బ్యాండు అన్నలు దాన్ని పట్టేస్తారు. తాళం ఇంకా సులువు, బుల్గర్ అనే ఆటకి ఎనిమిదింటిని మూడు, మూడు, రెండుగా విరుస్తారు, తకిట తకిట తక. మెల్ల హోరా అనే ఇంకో ఆటకి మూడు దెబ్బల్లో నడిమిది ఖాళీగా వదిలేస్తారు, కుంటుతా నడిచినట్టు ఉంటుంది, పెద్దవాళ్లని ఇంటికి సాగనంపేటప్పుడు వాయించేది అదే.

ఇంక గ్రౌండ్. కుర్చీలు నడుమ వేయొద్దు. మొదటి ఏడు షామియానా వాళ్లు సభకి వేసినట్టు వరసలు వరసలు వేసేశారు, నేను చూసుకోలేదు, జనం వచ్చి కూర్చున్నారు, కూర్చున్నోళ్లు గంటన్నర లేవలేదు. కుర్చీ కనపడితే మన జనం ప్రేక్షకులైపోతారు. రెండో ఏడు కుర్చీలన్నీ గోడ పక్కకి, ముసలివాళ్లకి మాత్రమే, నడుమ అంతా ఖాళీ. పొద్దున్నే గులకరాళ్లు ఊడ్చి, సాయంత్రం నీళ్లు చల్లి, ముగ్గు పిండితో ఒకదానిలో ఒకటి మూడు వలయాలు గీశాం. ముగ్గు గీత చూడంగానే మన ఆడవాళ్ల కాళ్లు దాని మీదికే పోతాయి, ఎవరూ చెప్పే పని లేదు. చెప్పులకి ఒక మూల గోనెపట్టా పరవండి. స్పీకర్ వైర్లు వలయం దాటకుండా బయట నుంచే తిప్పమని సౌండ్ వాళ్లకి పది సార్లు చెప్పండి, మాకు ఒక అత్త కాలు తగిలి పడబోయింది, పక్కోళ్లు చేతులు పట్టుకుని ఉండబట్టి నిలబడింది. గ్రౌండ్ పర్మిషన్, స్టేషన్లో మైక్ పర్మిషన్ రెండూ కాగితం మీద తీసుకోండి, రాత్రి 10 దాటితే ఆరుబయట మైక్ వేయకూడదు. అర్జీలో సంగీత నృత్య కార్యక్రమం అని సూటిగా రాయండి. కొండ మీద అన్యమత ప్రచారం నిషేధం, కింద ఊర్లో కూడా జనం మనసు సున్నితంగా ఉంటుంది, అది మనం గౌరవించాలి. యూదులు వేరేవాళ్లని తమ మతంలోకి రమ్మని ప్రచారం చేయరు, ఆ సంగతి అడిగినవాళ్లకి నెమ్మదిగా చెప్తే అర్థం చేసుకుంటారు. మన వైపు నుంచి కూడా జాగ్రత్త ఉండాలి, వాళ్ల ప్రార్థన పాటలు పెట్టొద్దు, తలమీద కిప్పా టోపీ, గడ్డాలు వేషం కట్టొద్దు, జెండాలు రాజకీయాలు అసలొద్దు.

ఆట ఎట్లా నేర్పించాలి? ఒక్క ఆట బాగా నేర్పండి చాలు, నేను మాయిం మాయిం పెడతాను. మాయిం అంటే నీళ్లు. 1937లో నఆన్ అనే కిబ్బుత్స్‌లో, అంటే యూదులు ఉమ్మడిగా సేద్యం చేసుకునే ఊర్లో, నీళ్లు పడిన సంతోషంలో పుట్టిన ఆట, పాట మాటలు బైబిల్‌లో యెషయా గ్రంథంలోవి, ఆనందంగా నీళ్లు తోడుకుంటారు అని భావం. మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ కథ వేరే వివరించాల్సిన పని లేదు, వెయ్యి అడుగులు బోరు వేసి నీళ్లు పడక ఏడ్చిన ఇళ్లు ఎన్ని లేవు, పడినప్పుడు బురదలో ఎగిరిన పిల్లకాయలు ఎంతమంది లేరు. మైక్‌లో ఇది రెండు ముక్కలు చెప్పేసరికి జనం వాళ్లంతట వాళ్లే లేచి వచ్చారు.

అడుగు ఇట్లా. అందరూ నడుమకి తిరిగి, చేతులు కిందికి వదిలి పట్టుకోవాలి. వలయం ఎడమకి కదులుతుంది, ప్రదక్షిణ దిక్కు అని చెప్పండి, ఎడమ కుడి తికమక ఉండదు. కుడికాలు ఎడమకాలి ముందు నుంచి దాటించి వేయాలి, ఎడమకాలు పక్కకి, కుడికాలు ఈసారి వెనక నుంచి, మళ్లీ ఎడమకాలు పక్కకి కొంచెం ఎగిరినట్టు. "ముందు, పక్క, వెనక, పక్క" అని అందరి చేత గట్టిగా అనిపించండి, నాలుగు సార్లు. తర్వాత మాయిం మాయిం అని పాడతా నాలుగు అడుగులు నడుమకి ఉరికి చేతులు మెల్లగా పైకెత్తాలి, నాలుగు అడుగులు వెనక్కి, ఇది రెండు సార్లు, బావిలోకి వంగి చేద లాగినట్టు అనుకోండి. ఆ తర్వాత ప్రదక్షిణగా నాలుగు పరుగు అడుగులు, మళ్లీ నడుమకి తిరిగి ఎడమకాలి మీద గెంతుతా కుడికాలి మునివేళ్లు ముందొకసారి పక్కకొకసారి తాకించాలి, ఆమేన కాలు మార్చి, ముందు తాకినప్పుడల్లా చప్పట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గెంతొద్దు, చప్పట్లు కొడితే చాలు. మొదట వాద్యం లేకుండా నోటితో, తర్వాత డ్రమ్ము ఒక్కటే, చివరికి క్లారినెట్. కోలాటం అత్తలకి రెండు రోజుల ముందే నేర్పించి, ఆ రోజు వాళ్లని ఒకేచోట నిలబెట్టకుండా ప్రతి ఆరేడు మందికి ఒకరిని వలయంలో కలపండి, పక్కోళ్లు వాళ్ల కాళ్లు చూసి నేర్చేసుకుంటారు.

హవా నగీలా అడుగుతారు, అందరికీ తెలిసింది అదొక్కటే. సాదగోరా అనే ఊరి హసీదుల, అంటే పాటతో ఆటతో భక్తి చేసే ఒక యూదు శాఖవాళ్ల, మాటల్లేని బాణీకి తర్వాతి కాలంలో మాటలు కట్టిన పాట అది. చివర్లో పెట్టుకోండి, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటా పోవాలి. పెళ్లిళ్లలో చూసినట్టు ఎవరినైనా కుర్చీతో ఎత్తాలని కుర్రాళ్లకి ఉషారు వస్తుంది, ప్లాస్టిక్ కుర్చీతో మాత్రం వద్దు, కాళ్లు విరిగిపోతాయి, చెక్క కుర్చీ, నలుగురు గట్టి మనుషులు ఉంటేనే.

తినడానికి వండే పని పెట్టుకోవద్దు. చెట్ల పండుగ దగ్గర్లో ఉంది కాబట్టి పండ్లే సరి, ఖర్జూరం, అంజూర, దానిమ్మ, ద్రాక్ష, ఇవి వాళ్ల గ్రంథంలో చెప్పిన ఏడు పంటల్లోవే. ఇంకొకటి చేయొచ్చు, కొంకణ తీరంలో బెనే ఇజ్రాయెల్ యూదులు ఏలీయా ప్రవక్తని తలుచుకుని మలీదా చేస్తారు, తడిపిన అటుకులు, కొబ్బరి, చక్కెర, పండ్లు. పూజ ఏమీ చేయకుండా ఊరికే తినే పదార్థంగా పెట్టండి. ఆకు దొన్నెల్లో పంచుతా ఉంటే ఒక ముసలాయన "కృష్ణాష్టమి అటుకులు గదా ఇవి" అన్నాడు, నాకు భలే సంతోషమైంది. ఆ పంచే టైంలోనే ఒక ఐదు నిమిషాలు మాట్లాడండి, అంతకన్నా వద్దు. కొచ్చిన్‌లో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ అనే యూదుల ప్రార్థనా మందిరం ఉందని, అక్కడి యూదు ఆడవాళ్లు మలయాళంలో పాటలు పాడేవాళ్లని, గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అని తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయని చెప్పండి. ఇంకొక మాట తప్పకుండా చెప్పాలి. ఈ పెళ్లి వాద్యం వాయించిన కుటుంబాలు రెండో ప్రపంచ యుద్ధంలో ఊళ్లకి ఊళ్లే చంపబడ్డాయి, వింటా నేర్చుకునే తీగ దాదాపు తెగిపోయింది, 1970ల్లో అమెరికాలో కుర్రాళ్లు పాత గ్రామఫోన్ రికార్డులు వెతికి, బతికున్న పెద్దల దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకున్నారు. ఇది చెప్తా ఉంటే మా క్లారినెట్ అన్న తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత ఆయన వాయించిన మెల్ల హోరా అంతకుముందు వాయించినట్టు లేదు.

తొమ్మిదిన్నరకి మైక్ ఆపేయండి. ఆ తర్వాత అరగంట ఒక నిగ్గున్ పాడించండి, నిగ్గున్ అంటే హసీదులు పాడే బాణీ, చాలా వాటికి మాటలే ఉండవు, లాయ్ లాయ్ అనో యబ్బబం అనో పోతుంది, భజన గోష్ఠిలో లాగా ఒకరు అంటే అందరూ అందుకుంటారు, భాష రాకపోయినా ఫరవాలేదు. వలయం చిన్నదవుతా వస్తుంది, పిల్లలు నిద్రపోతారు, వాళ్లని ఎత్తుకునే పాడతారు. అది అయినాక చెప్పుల గోనెపట్టా దులిపి, దొన్నెలు ఏరి, గ్రౌండ్ ఊడ్చి తాళం వాచ్‌మన్‌కి ఇచ్చేయండి. ముగ్గు మాత్రం చెరపొద్దన్నాడు మా వాచ్‌మన్, పొద్దున స్కూల్ పిల్లకాయలు దాని మీద ఆడుకుంటారంట.