మగపిల్లల బడి కబురు ఇంటిదాకా చేరాలంటే ఎలా?

మగపిల్లాణ్ణి "ఈ రోజు బడిలో ఏం జరిగిందిరా?" అని అడిగి చూడండి. "ఏం లేదు" అంటాడు. బ్యాగు మూలకు విసిరి, బ్యాటు తీసుకుని వీధిలోకి పోతాడు. కడపలో ఒక కతోలిక మగపిల్లల హైస్కూల్లో చాలా ఏళ్లు క్లాస్ టీచరుగా పనిచేశాను. పిల్లాడి చేతికిచ్చిన నోటీసు ఇల్లు చేరదని నాకు మొదటి ఏడాదే అర్థమైంది. చేరినా బ్యాగు అడుగున, చట్నీ మరకలతో, మీటింగు అయిపోయిన వారానికి బయటపడుతుంది. బడి కబురు చేరాల్సింది పిల్లాడికి కాదు, ఆ ఇంట్లో వినే మనిషికి. ఇలాంటి బడుల్లో పనిచేసే టీచర్ల కోసం కింద రాసినవన్నీ ఆ ఒక్క పనికే.

మొదటి పని: ఇంట్లో వినేది ఎవరో కనుక్కోండి

అడ్మిషన్ ఫారంలో తండ్రి పేరు, తండ్రి వృత్తి, తండ్రి సెల్ నంబరు ఉంటాయి. కడప, రాయచోటి, రాజంపేట వైపు చాలా ఇళ్లలో ఆ తండ్రి కువైట్‌లో డ్రైవరు. కొన్ని ఇళ్లలో తల్లి కూడా అక్కడే, ఇంటిపనిలో ఉంటుంది. ఇక్కడ పిల్లాణ్ణి సాకేది జేజి, అంటే నాయనమ్మ. మనమేమో ఎప్పుడో రీచార్జి ఆగిపోయిన సిమ్ముకు "మీ కుమారుడు ఈ రోజు బడికి రాలేదు" అని మెసేజీలు పంపుతూ కూర్చుంటాం.

పుస్తకాలు కొనడానికో, ఫీజు కట్టడానికో జూన్‌లో ఎవరో ఒకరు బడికి వస్తారు కదా, వాళ్లను అప్పుడే అడిగి రాసుకోండి. సాయంత్రం వాడు వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? ఏ నంబరుకు చేస్తే ఎత్తుతారు? ఏ టైములో చేయాలి? తెలుగు నయమా, ఉర్దూ నయమా? "మీకు చదువొచ్చా" అని మాత్రం అడక్కండి. "మెసేజ్ పంపమంటారా, ఫోన్ చేయమంటారా" అంటే చాలు, సంగతి తెలిసిపోతుంది. డైరీలో ఎవరు సంతకం పెడతారో వాళ్ల చేత అక్కడే ఒక సంతకం చేయించి పెట్టుకోండి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మనవాళ్లు నాన్న సంతకం నాన్న కంటే బాగా పెడతారు.

రెండో పని: మొదటి ఫోన్ మంచి మాటకే చేయండి

అన్నిటికన్నా ఇదే ముఖ్యం. చాలామంది మొదట వదిలేసేదీ ఇదే.

బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఇంట్లో గుండె జారుతుంది. ఫీజు బాకీ అయినా ఉండాలి, కొట్లాట అయినా అయి ఉండాలి. ఒకసారి ఏడో తరగతి పిల్లాడి జేజికి ఫోన్ చేశాను. నా పేరు పూర్తిగా చెప్పకముందే "ఏం జేసినాడు సార్ మావోడు?" అంది. "ఏం చేయలేదమ్మా, లెక్కల్లో పోయినసారి కంటే ఎనిమిది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నాడు, అది చెబుదామనే చేశాను" అన్నాను. కాసేపు అటువైపు మాట లేదు. "ఇదొక్కటేనా సార్?" అని మళ్లీ అడిగింది. మరుసటి రోజు బడి గేటు దగ్గరికి వచ్చి, కొంగులో కట్టుకొచ్చిన చెనిక్కాయలు (వేరుశనగకాయలు) నా చేతిలో పోసింది. ఆ ఏడాది ఆమె ఒక్క మీటింగుకూ రాకుండా ఉండలేదు.

మీ క్లాసులో 45 మంది ఉన్నారనుకోండి. వారానికి ఐదుగురి ఇళ్లకు, ఒక్కోదానికి రెండు నిమిషాల చొప్పున ఫోన్ చేస్తే జూన్, జూలై దాటి ఆగస్టు నడిమికల్లా అందరూ అయిపోతారు. ఏ రోజు ఎవరికి చేశారో, ఏం చెప్పారో అటెండెన్స్ రిజిస్టరు వెనక పేజీలో ఒక ముక్క రాసుకోండి. చెప్పడానికి మంచి మాటే దొరకని పిల్లాడు ఉంటాడేమో అని టెన్షన్ పడకండి. నల్లబల్ల తుడిచేవాడు, చిన్నపిల్లల్ని రోడ్డు దాటించేవాడు కూడా మీ క్లాసులోనే ఉంటారు. లేని గొప్పలు మాత్రం చెప్పకూడదు, ఇంట్లోవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

వాట్సాప్‌కు కట్టుబాట్లు పెట్టండి

క్లాసుకో గ్రూపు చాలు. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టగలిగేలా సెట్టింగ్ మార్చండి, లేదంటే తెల్లారేసరికి 60 గుడ్ మార్నింగ్ పూలు, ఒక రాజకీయ గొడవ. గ్రూపు బదులు, ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పోయే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మీ నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. జూన్‌లో వాళ్లు ఆఫీసు గదిలో ఉన్నప్పుడే బడి నంబరు సేవ్ చేయించండి.

మెసేజీలు వారానికి రెండు రోజులు, సాయంత్రం ఏడు గంటలకు. అర నిమిషం వాయిస్ మెసేజ్ తెలుగులో ఒకటి, ఉర్దూ వచ్చిన సారు చేత ఒకటి. నాలుగు పేజీల సర్క్యులర్ ఫొటో తీసి పెడితే ఎవరూ చదవరు, నేను కూడా చదవను. ఎవరి మార్కులూ, ఎవరి ఫీజు బాకీ, ఎవరి తప్పూ గ్రూపులో పెట్టొద్దు.

పిల్లాడు రాకపోతే మాత్రం వారం వారం మెసేజీ కోసం ఆగకండి. పది గంటల్లోపు ఆ ఇంటికే ఫోన్ వెళ్లాలి. వాడు బడికని బయల్దేరి ఎక్కడ ఆగాడో ఇంట్లో తెలియకపోతే అది పెద్ద ప్రమాదం. డబ్బు సంగతీ ఉంది. 2025 జూన్‌లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద తల్లి ఖాతాలో 13,000 రూపాయలు పడాలంటే పిల్లాడి హాజరు 75 శాతం ఉండాలి. ఆ లెక్క ఏడాది చివర చెప్పి ఏం లాభం? ప్రతి నెలా చెప్పాలి.

మీటింగు ఏ రోజు పెట్టాలి?

మా ఊళ్లో ఇది చిన్న ప్రశ్న కాదు. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు. ఆదివారం పొద్దున చర్చిలో దివ్యబలిపూజ, ఫాదర్లకే తీరిక ఉండదు. పని దినాల్లో బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలికి పోయేవాళ్లకు రోజు కూలి పోతుంది. నా లెక్కలో రెండో శనివారం మేలు. ప్రభుత్వ ఉద్యోగులకు సెలవు, మసీదుకూ చర్చికీ అడ్డు రాదు. కూలికి పోయేవాళ్ల కోసం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా కూడా ఇద్దరు టీచర్లు కూర్చోండి. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు, ఆ ఎండల్లో మధ్యాహ్నం మీటింగు పెడితే ఎవరూ రారు, వాళ్లను తప్పు పట్టడానికీ లేదు.

కువైట్‌లో ఉన్న తండ్రికి శుక్రవారం సెలవు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. మన సాయంత్రం ఆరున్నరకు అక్కడ నాలుగు. నెలకో శుక్రవారం ఆ టైములో వీడియో కాల్‌కు ఒక గంట పెట్టుకుంటే చాలు. పిల్లాణ్ణి పక్కనే కూర్చోబెట్టుకుని మాట్లాడండి. నాన్న ముఖం చూస్తూ అబద్ధం చెప్పడం కష్టం.

మీటింగు రోజు అందరినీ వరసలో నిలబెట్టకండి. టోకెన్లు ఇచ్చి, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు కేటాయించండి. కుర్చీలు, నీళ్లు ఎలాగూ పెడతారు. మగపిల్లల బడుల్లో మరిచిపోయేది ఆడవాళ్ల టాయిలెట్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తల్లులూ జేజిలే, ఉన్న ఒక్కటీ స్టాఫ్ రూమ్ వెనక తాళం వేసి ఉంటుంది. ఆ రోజుకైనా తాళం తీసి, దారి చూపే బోర్డు పెట్టండి. 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. కడప మునిసిపల్ హైస్కూలుకు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణే వచ్చారు. అప్పటి నుంచి "మీ బడిలో మమ్మల్నెందుకు పిలవరు సార్?" అని మా దగ్గరా అడగడం మొదలైంది. మంచిదే.

మతం సంగతి ముందే చెప్పేయండి

కతోలిక బడి కాబట్టి ఇంట్లో ఒక అనుమానం ఉంటుంది, బయటికి అడగరు. మన బడుల్లో హిందువుల, ముస్లింల పిల్లలు ఎంతమంది చదువుతారో మనకు తెలుసు. సత్యోపదేశం (క్రైస్తవ మతబోధ పీరియడ్) ఎవరికి, మిగతావాళ్లకు ఆ పీరియడ్‌లో ఏం చెబుతారు, ప్రార్థనలో ఎలా నిలబడాలి అన్నది జూన్‌లోనే నోటితో చెప్పండి. గుర్తింపు ఉన్న బడిలోనైనా, ప్రభుత్వ సాయం అందే బడిలోనైనా మైనరు పిల్లాణ్ణి మతబోధలో కూర్చోబెట్టాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28వ అధికరణ మూడో క్లాజు చెబుతోంది. చర్చి మాట కూడా దీనికి దూరం కాదు. కతోలిక బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లో విద్య మీద వెలువరించిన ప్రకటనలో పిల్లలకు మొదటి, ముఖ్యమైన గురువులు తల్లిదండ్రులేనని ఉంది. ఈ రెండూ ఫాదర్ గారు స్వయంగా చెబితే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

చందా కాదు, చేతిపని అడగండి

తల్లిదండ్రుల్ని కలుపుకోవడమంటే వార్షికోత్సవానికి చందా రాయించడం అనే అర్థం వచ్చేసింది. అబ్బాయిల బడి నడపడంలో పేరుపొందిన ఇటలీ ఫాదర్, పునీత జాన్ బోస్కో ఏం చేశాడో చూడండి. 1846లో ఊళ్లో ఉన్న సొంత తల్లి మార్గరీతను టూరిన్‌కు వెంటబెట్టుకొచ్చాడు. 1856లో చనిపోయేదాకా, పదేళ్లు, ఆమె అక్కడ అతను చేరదీసిన అనాథ పిల్లలకు వండిపెట్టింది, చినిగిన బట్టలు కుట్టింది. పిల్లలంతా ఆమెను అమ్మ అనే పిలిచేవారు.

హాస్టల్ ఉంటే నెలకు ఇద్దరు తల్లుల్ని చెప్పాపెట్టకుండా వచ్చి పిల్లల పంక్తిలోనే కూర్చుని తినమనండి. సంగటి గట్టిగా ఉందా, పప్పు నీళ్లలా ఉందా వాళ్లే చెబుతారు. చెప్పింది రాసుకుని, ఏం మార్చారో వచ్చే నెల చెప్పండి. వంటమనిషికి కోపం వస్తుంది, రానివ్వండి. కడప బండలు కోసే తండ్రి వచ్చి ఒక పీరియడ్ చదరపు అడుగుల లెక్క చెబితే, వైశాల్యం ఇక మరిచిపోరు. అలా వచ్చిన నాన్నను చూసి ఆయన కొడుకు ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరుగుతాడు.

చెడ్డ కబురు

కొట్లాట, దొంగతనం, సిగరెట్టు. ఇవి ఫోన్లో పూర్తిగా చెప్పకండి, వరండాలో అసలే వద్దు. పిలిచి, తలుపు వేసిన గదిలో, క్లాస్ టీచరొక్కరే మాట్లాడాలి. ముందు వాళ్లు చెప్పేది వినండి. ఇంటికి పోయాక బెల్టు తీస్తారేమో అనిపిస్తే ఆ మాట అడిగేయండి. పిల్లాడికి బడిలోనో ఇంట్లోనో అపాయం ఉందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆ నంబరు పిల్లల కంటా, పెద్దల కంటా పడేలా గేటు దగ్గర గోడ మీద రాయించండి.

చివరగా ఏప్రిల్‌లో, సెలవులిచ్చే ముందు, నంబర్లన్నీ ఒకసారి మోగించి చూడండి. ఎవరో కువైట్ నుంచి తిరిగొచ్చేసి ఉంటారు, ఎవరో కొత్తగా వెళ్లి ఉంటారు, ఏదో ఒక ఇంట్లో జేజి చనిపోయి ఉంటుంది. జూన్ 12న గేటు తెరిచేనాటికి కొత్త లిస్టు కొత్త క్లాస్ టీచరు చేతిలో ఉండాలి.