‘చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి’ని ఇంగ్లిష్‌లో ఎలా అనాలి?

ఒకసారి మీటింగ్ మిస్సయ్యి మా మేనేజర్‌కి ‘ఇఫ్ యు వుడ్ హ్యావ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హ్యావ్ కేమ్’ అని మెయిల్ కొట్టాను. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. పంపాక చూసుకుని నాలుక కరుచుకున్నా, అప్పటికే సీసీలో టీమంతా ఉంది.

రాయాల్సింది ఇది: ‘ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హ్యావ్ కమ్.’ మీరు చెప్పలేదు, నేను రాలేదు, ఇప్పుడు చేసేదీ లేదు. ‘చెప్పి ఉంటే’లో ఆ ‘ఉంటే’ ఉంది చూశారా, దాని చోట ఇంగ్లిష్‌లో హ్యాడ్ పెట్టి పక్కన వెర్బ్ మూడో రూపం, అంటే బళ్లో చెప్పిన వీ3, రాయాలి. ‘వచ్చేవాణ్ణి’కి వుడ్ హ్యావ్, మళ్లీ వీ3. కమ్‌కి వీ3 కూడా కమ్మే. ఇక ఇఫ్ ఉన్న ముక్కలో వుడ్ వద్దు. అమెరికాలో మాటల్లో అనేస్తుంటారు గానీ పరీక్షలో రాస్తే మార్కు పోతుంది.

అసలు తిరకాసు మన తెలుగులోనే ఉంది. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అంటాం. ఇప్పుడు లేవనా, అప్పుడు లేవనా? మనం సందర్భాన్ని బట్టి సర్దుకుంటాం, ఇంగ్లిష్ మాత్రం తేల్చి చెప్పమంటుంది. ఇప్పుడు జేబు ఖాళీ అయితే ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్’. ఈ హ్యాడ్‌ని చూసి గతం అనుకోకండి, అది ‘లేదు కాబట్టి ఊహిస్తున్నా’ అని చెప్పే గుర్తంతే. పోయిన సంక్రాంతికి ఖాళీగా ఉందంటే ఇంకో మెట్టు వెనక్కి: ‘ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హ్యావ్ బాట్ ఇట్’. రెండు హ్యాడ్‌లు అచ్చుతప్పు కాదు, మొదటిది సాయం వెర్బు, రెండోది డబ్బులు ఉండటం.

‘చిన్నప్పుడు రోజూ చెరువుకి వెళ్లేవాణ్ణి’ అన్నా మనకి అదే రూపం. అక్కడ వుడ్ హ్యావ్ గాన్ అన్నారో, వెళ్లలేదని అర్థం వస్తుంది! అలవాటుకి యూస్డ్ టు గో అనాలి.

ఒక్కోసారి కారణం నిన్నటిది, ఫలితం ఇవాళ్టిది. ‘అప్పుడే కోర్సు పూర్తి చేసి ఉంటే ఈపాటికి ఉద్యోగంలో ఉండేవాణ్ణి’ అనాలంటే మొదటి సగం హ్యాడ్ ఫినిష్డ్, రెండో సగంలో హ్యావ్ లేకుండా వుడ్ బి.

ఐ హ్యాడ్‌నీ, ఐ వుడ్‌నీ రెండింటినీ కుదించి ‘ఐడ్’ అనే అంటారు. వినేటప్పుడు ‘ఐడ్’ అని వినపడితే అది హ్యాడో వుడ్డో తర్వాతి మాటే చెబుతుంది. ‘ఐడ్ నోన్’ అంటే హ్యాడ్, ‘ఐడ్ నో’, ‘ఐడ్ హ్యావ్ నోన్’ అంటే వుడ్.