దేవుడి సినిమా చూసి ఇంట్లో గొడవ పడకుండా ఉండాలంటే

ముందు దెబ్బ ఎవరికి తగులుతోందో చూడండి. 'గోపాల గోపాల' (2015)లో భూకంపానికి కొట్టు కూలిపోతే, ఇది యాక్ట్ ఆఫ్ గాడ్ (దేవుడి పని) అని బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, దాంతో హీరో దేవుడి మీదే కేసు వేస్తాడు. కానీ కోర్టుకు రావాల్సింది స్వామీజీలు, కృష్ణుడేమో హీరో పక్షాన ఉంటాడు. ఈ సంగతి అమ్మకి ముందే చెప్పేస్తే సగం టెన్షన్ పోతుంది.

తర్వాత డబ్బు దారి చూడండి. మతం వెనకున్న సంస్థ అనగానే ఒక దొంగ బాబాని పెట్టి, క్లైమాక్స్‌లో వాడి పరువు తీసేస్తే పని అయిపోయిందనుకోవడం మన సినిమాలకి బద్ధకం. దసరాల్లో బెజవాడ దుర్గమ్మ కొండ ఇంద్రకీలాద్రి ఎక్కితే తెలుస్తుంది: ఉచిత క్యూ, టికెట్ క్యూ, సిఫార్సు లెటర్లు, దేవాదాయ శాఖ, పోలీసులు, అన్నదానం, అన్నీ కలిపి సంస్థ. విసుగు పుట్టించేదీ అదే, అన్నం పెట్టేదీ అదే. ఆ తోపులాటలో గంటలు నిలబడి, తీరా అమ్మవారి అలంకారం ముందుకొచ్చేసరికి చాలామంది టక్కున కళ్లు మూసుకుని దండం పెట్టేస్తారు, చూడ్డానికే వచ్చి! ఈ ఒక్క క్షణం ఏ కోర్టు సీనులోనూ కనబడదు. గుణదల మేరీమాత కొండ మీద కొబ్బరికాయ కొట్టేవాళ్లని కూడా ఓసారి గమనించండి, ఏ సినిమావాళ్లూ వాళ్ల జోలికి పెద్దగా పోలేదు.

పాత సినిమాల్లో భక్తి తప్ప ఈ గోల లేదని నాన్నగారు అంటే, 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల'లో హరిజనుల ఆలయ ప్రవేశం గురించి తీశారని గుర్తుచేయండి. రామదాసు కథ అయితే ఇంకా గమ్మత్తు. సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టి గోల్కొండ చెరసాలకి పోయిన మనిషి, సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు పట్టాయని రాముడికే లెక్క అప్పజెప్పి నిలదీస్తాడు. భక్తుడే ఆడిటర్! ఆ కథ మీద తీసిన సినిమా పెడితే కన్నీళ్ల సీన్లతో పాటు ఈ లెక్కల గొడవని కూడా శ్రద్ధగా చూడండి.

ఇంట్లో ఒక నాస్తికుడు ఉంటే (బెజవాడ కదా, పటమటలో గోరాగారి నాస్తిక కేంద్రమే ఉంది) అతని చేతికి రిమోట్ మాత్రం ఇవ్వకండి. పాజ్ కొట్టి లెక్చర్ మొదలుపెడితే ఆ రాత్రికి సినిమా పూర్తవదు.